స్కూల్ డిస్ట్రిక్ట్ భోజనాల క్లెయిమ్: కంట్రోల్ టెస్ట్‌గా దేన్ని లెక్కించాలి?

ప్రశ్న: హైదరాబాద్_సింగిల్‌ఆడిట్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ నుంచి ఒక అమెరికన్ సీపీఏ (ఆడిట్, అకౌంటింగ్) సంస్థకు చెందిన ప్రభుత్వ రంగ ఆడిట్ బృందంలో పనిచేస్తున్నాను. ప్రస్తుతం ఒక మధ్యస్థాయి స్కూల్ డిస్ట్రిక్ట్ సింగిల్ ఆడిట్, అంటే ఫెడరల్ నిధులు వాడే సంస్థలకు చేసే ఆడిట్, నడుస్తోంది. ఈ సంవత్సరం చైల్డ్ న్యూట్రిషన్ క్లస్టర్, అంటే ఫెడరల్ కార్యక్రమాల జాబితాలో 10.553 సంఖ్య కింద వచ్చే అల్పాహారం, 10.555 కింద వచ్చే మధ్యాహ్న భోజనం, వాటితోపాటు లెక్కించే ఇతర కార్యక్రమాలు, మేజర్ ప్రోగ్రామ్‌గా, అంటే లోతుగా పరీక్షించవలసిన కార్యక్రమంగా, ఎంపికయ్యాయి. డిస్ట్రిక్ట్‌లోని కొన్ని పాఠశాలలు కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్, అంటే సీఈపీ, కింద పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడుతున్నాయి. మిగిలినవాటిలో కుటుంబ ఆదాయం చూపే దరఖాస్తులు తీసుకుని పిల్లలను ఉచితం, తగ్గింపు ధర, పూర్తి ధర అనే మూడు వర్గాలుగా విడదీస్తున్నారు.

గత సంవత్సరపు వర్క్‌పేపర్లలో 40 దరఖాస్తులు ఎంచుకుని ఆదాయాన్ని తిరిగి లెక్కగట్టారు. రెండు నెలల క్లెయిమ్‌లలోని (పెట్టిన భోజనాలకు ఫెడరల్ డబ్బు కోరే నెలవారీ లెక్కల్లోని) భోజనాల సంఖ్యను రేటుతో గుణించి వచ్చిన డబ్బుతో సరిపోల్చారు. ఆ రెండింటి ఆధారంగానే కంట్రోల్స్ సక్రమంగా పనిచేస్తున్నాయని ముగించారు. ఈ సంవత్సరం వచ్చిన కొత్త మేనేజర్ గారు ఆ ముగింపును అంగీకరించడం లేదు. అది నిబంధన పాటించారా అని చూసే కంప్లయన్స్ టెస్టే తప్ప, తప్పులను ఆపే పద్ధతులు పనిచేస్తున్నాయా అని చూసే కంట్రోల్ టెస్ట్ కాదని అంటున్నారు. మరోవైపు డిస్ట్రిక్ట్ ఫుడ్ సర్వీస్ డైరెక్టర్ గారేమో ఎడిట్ చెక్ (క్లెయిమ్ పంపే ముందు భోజనాల సంఖ్యను సరిచూడటం) మొత్తం సాఫ్ట్‌వేరే చేస్తుందని, మనుషులు చేసేదంటూ ఏమీ లేదని చెబుతున్నారు.

పిల్లవాడు పళ్ళెం తీసుకున్న క్షణం నుంచి రాష్ట్ర పోర్టల్‌లో క్లెయిమ్ సమర్పించేదాకా నిజంగా పరీక్షించదగిన కంట్రోల్స్ ఎక్కడెక్కడ ఉంటాయి? సాఫ్ట్‌వేరే అన్నీ చేస్తున్నప్పుడు మనం చూడవలసింది ఏమిటి? రాష్ట్ర విద్యాశాఖ చేసిన అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, అంటే తనిఖీ నివేదిక, ఫైల్లో ఉంది కాబట్టి దాని మీద ఎంతవరకు ఆధారపడవచ్చు? ఈ పని చేసిన అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: లెక్కల_టెక్సాస్

మీ మేనేజర్ గారి అభ్యంతరం న్యాయమైనదే. అంతర్గత నియంత్రణలను ఏర్పాటు చేసి నిలబెట్టే బాధ్యతను ఫెడరల్ నిబంధన 2 సీఎఫ్ఆర్ 200.303 డిస్ట్రిక్ట్ మీద పెడుతుంది. మేజర్ ప్రోగ్రామ్ విషయంలో కంట్రోల్ రిస్క్ తక్కువ అనే అంచనాకు సరిపడేలా ఆ నియంత్రణలను పరీక్షించే ప్రణాళిక వేయవలసిన బాధ్యతను 200.514 ఆడిటర్ మీద పెడుతుంది. మీరు 40 దరఖాస్తులను తిరిగి లెక్కగట్టినప్పుడు ఆ 40 సరిగ్గా ఉన్నాయని తెలుస్తుంది. 41వ దరఖాస్తులో తప్పు దొర్లి ఉంటే డిస్ట్రిక్ట్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం చూసి పట్టుకునేవారో దానివల్ల తెలియదు. కంట్రోల్ టెస్ట్ జవాబు చెప్పవలసింది ఆ రెండో ప్రశ్నకు. ఒకే నమూనాతో రెండు పరీక్షలూ చేయవచ్చు, కానీ రెండింటికీ వేర్వేరు లక్షణాలు రాసుకోవాలి: ఆదాయం సరిగ్గా లెక్కించారా అన్నది ఒకటి, నిర్ణయాన్ని మరో వ్యక్తి సమీక్షించిన ఆనవాలు ఉందా అన్నది మరొకటి.

ఈ కార్యక్రమంలో డబ్బంతా భోజనాల సంఖ్యను రేటుతో గుణించగా వచ్చేదే. రేట్లను అమెరికా వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ ఏటా జులై 1 నుంచి జూన్ 30 వరకు ప్రకటిస్తుంది కాబట్టి అక్కడ పొరపాటుకు అవకాశం తక్కువ. ప్రమాదమంతా సంఖ్యలో ఉంది. అయినా చాలా ఫైళ్ళలో గుణకారాన్ని శ్రద్ధగా పరీక్షించి, సంఖ్య ఎక్కడి నుంచి పుట్టిందో చూడకుండా వదిలేస్తారు. మిన్నెసోటా వ్యవహారం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. అది స్కూల్ డిస్ట్రిక్ట్ వ్యవహారం కాదు, లాభాపేక్షలేని స్పాన్సర్ సంస్థల ద్వారా నడిచిన పిల్లల భోజన కార్యక్రమాలది. 2022 సెప్టెంబరులో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 47 మందిపై అభియోగాలు మోపారు. మోసం విలువ 25 కోట్ల డాలర్లని చెప్పారు. అక్కడ కాగితాలు కాగితాలతో సరిపోయాయి, ఎందుకంటే పిల్లల పేర్ల జాబితాలు కూడా కల్పించినవే. సంఖ్యను దాని మూలం దగ్గర చూడకపోతే కాగితాల పొంతన ఏమీ నిరూపించదు.

కాబట్టి మొదటి కంట్రోల్ క్యాషియర్ దగ్గర ఉంది. ఆఫర్ వర్సెస్ సర్వ్ పద్ధతిలో పండు, కూరగాయ, ధాన్యం, మాంసం లేదా దాని ప్రత్యామ్నాయం, పాలు అనే ఐదింటిలో విద్యార్థి కనీసం మూడు తీసుకోవాలి, వాటిలో అర కప్పు పండో కూరగాయో తప్పక ఉండాలి. అప్పుడే ఆ పళ్ళెం క్లెయిమ్‌కు అర్హమవుతుంది. ఆ తేడాను క్యాషియర్ గుర్తిస్తున్నారా, లోపమున్న పళ్ళేన్ని ఏం చేస్తున్నారు అన్నది హైదరాబాద్‌లో కూర్చుని చూడగలిగేది కాదు. అమెరికాలోని ఫీల్డ్ బృందం భోజనాల వేళ వరుస చివర నిలబడి చూడవలసిందే. శిక్షణ పత్రాల మీద సంతకాలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

రెండోది ఎడిట్ చెక్. 7 సీఎఫ్ఆర్ 210.8 ప్రకారం నెలవారీ క్లెయిమ్ సమర్పించే ముందు ప్రతి పాఠశాల రోజువారీ లెక్కను, వర్గాలవారీగా, అర్హులైన పిల్లల సంఖ్యను హాజరు గుణకంతో (సగటున బడికి వచ్చే పిల్లల శాతంతో) గుణించగా వచ్చే సంఖ్యతో పోల్చాలి. ఉదాహరణకు ఒక పాఠశాలలో ఉచిత భోజనానికి అర్హులు 412 మంది, హాజరు గుణకం 94 శాతం అనుకుంటే పరిమితి 387 దగ్గర ఉంటుంది. ఒక మంగళవారం 395 ఉచిత భోజనాలు నమోదైతే అది తప్పని కాదు, ఆ రోజు హాజరు బాగా ఉండి ఉండవచ్చు. కానీ క్లెయిమ్ పంపే ముందే ఎవరో ఒకరు కారణం తెలుసుకుని రాసిపెట్టాలి. సాఫ్ట్‌వేర్ చేసేది ఆ రోజు పక్కన గుర్తు పెట్టడం వరకే. ఆ గుర్తు చూసి మనిషి చేసిన పనే కంట్రోల్. గుర్తు పడిన రోజులున్న నెలలనే కావాలని ఎంచుకోండి. ఒక్క గుర్తూ లేని నెలలో సంతకం ఉన్నా దాని నుంచి తెలిసేది చాలా తక్కువ.

సాఫ్ట్‌వేర్ వైపు నేను తప్పకుండా అడిగే విషయం హాజరు గుణకం సెట్టింగ్. ఎవరైనా దాన్ని 100 శాతానికి మార్చి ఉంటే అర్హుల సంఖ్య దాటితే తప్ప నివేదికలో గుర్తులు పడవు, నివేదిక ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. ఆ సెట్టింగ్‌ను, అర్హత జాబితాను మార్చే అధికారం ఎవరెవరికి ఉంది, క్యాషియర్‌కే ఆ అధికారం ఉందా అన్నది యాక్సెస్ జాబితా తెప్పించుకుని చూడండి. సాఫ్ట్‌వేర్ సంస్థ ఎస్ఓసీ 1 నివేదిక (తన కంట్రోల్స్ మీద బయటి ఆడిటర్ రాసిన నివేదిక) ఇస్తే, అందులో వినియోగదారు సంస్థ తానే చేసుకోవాలని రాసిన కంట్రోల్స్ డిస్ట్రిక్ట్‌లో ఉన్నాయో లేదో కూడా చూడాలి; ఆ పేజీలను చాలామంది తిప్పేస్తారు. అన్నిటికంటే బలహీనమైన చోటు, రోజు మూసేశాక చేత్తో కలిపే లెక్కలు: విహారయాత్రకు కట్టిచ్చిన పొట్లాలు, యంత్రం చెడిపోయిన రోజు కాగితం మీద రాసిన గీతలు. వాటిని విడిగా ఒక జనాభాగా (నమూనా ఎంచుకునే మొత్తంగా) తీసి పరీక్షించండి.

చివరిది క్లెయిమ్. నెల ముగిసిన 60 రోజుల్లోపు సమర్పించాలి. తయారుచేసినవారు, పోర్టల్‌లో ధ్రువీకరించినవారు వేర్వేరా, ధ్రువీకరించినవారు ముందుగా ఏ నివేదికతో పోల్చారు అన్నవి లక్షణాలుగా పెట్టుకోండి. నెలకొకసారి జరిగే కంట్రోల్‌కు సీపీఏల సంఘమైన ఏఐసీపీఏ గైడ్ సూచించే నమూనా రెండు నుంచి నాలుగు. క్యాషియర్ స్థాయి లెక్కల్లాంటి పెద్ద జనాభాకు ప్రాధాన్యాన్ని, రిస్క్‌ను బట్టి 25, 40, 60. ఒక్క వ్యత్యాసం కూడా రాదనే అంచనాతో ఇచ్చిన సంఖ్యలు అవి.

రాష్ట్ర రివ్యూ డిస్ట్రిక్ట్ కంట్రోల్ కాదు. పైఅధికార పర్యవేక్షణను రిస్క్ అంచనాలో లెక్కలోకి తీసుకోవచ్చని 200.519 చెబుతుంది, అంతవరకే. అయితే ఆ రివ్యూలో బయటపడ్డ లోపాలను డిస్ట్రిక్ట్ ఏం చేసింది అన్నది చాలా విలువైన ఆధారం.

సమాధానం: బిజినెస్‌ఆఫీస్_న్యూజెర్సీ

నేను బల్లకు అవతలి వైపు, ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ బిజినెస్ ఆఫీసులో పనిచేస్తున్నాను. పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఆడిటర్లు అడగని కొన్ని సంగతులు చెబుతాను.

తరగతి గదిలో అల్పాహారం ఇచ్చే పాఠశాలలు ఉన్నాయా అని ముందుగా అడగండి. అక్కడ క్యాషియర్ ఉండరు. ఉపాధ్యాయురాలు జాబితాలో టిక్కులు పెడతారు. పిల్లలు తీసుకున్నాక టిక్కు పెట్టాలి. పొద్దున్నే హాజరు పట్టీ చూసి అందరికీ ఒకేసారి పెట్టేస్తే అల్పాహారం సంఖ్య హాజరు సంఖ్యతో అచ్చంగా సరిపోతుంది. నెల పొడవునా రెండు సంఖ్యలూ ఒకేలా ఉన్న తరగతి కనిపిస్తే ఆ తరగతికే వెళ్ళి చూడండి. ఎడిట్ చెక్ దీన్ని సాధారణంగా పట్టుకోలేదు.

ఒకటికి మించి పాఠశాలలున్న డిస్ట్రిక్ట్ ఏటా ఫిబ్రవరి 1 లోపు ప్రతి పాఠశాలలో మధ్యాహ్న భోజన లెక్కింపును, సగం పాఠశాలల్లో అల్పాహార లెక్కింపును స్వయంగా వెళ్ళి సమీక్షించాలి. ఈ ఫారాలు దాదాపు అందరి దగ్గరా ఉంటాయి. ఒకే వ్యక్తి, ఒకే రోజు, పట్టణం ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి ఉన్న ఆరు పాఠశాలల్లో భోజన సమయంలో ఎలా నిలబడగలిగారన్నది మాత్రం ఎవరూ అడగరు. ప్రతి పాఠశాల భోజన వేళల పట్టికను ఆ ఫారాల పక్కన పెట్టి చూస్తే చాలు.

దరఖాస్తుల వెరిఫికేషన్ మరో చోటు. సాధారణ పద్ధతిలో అక్టోబరు 1 నాటికి ఆమోదించిన దరఖాస్తుల్లో 3 శాతాన్ని, ఆదాయం పరిమితికి నెలకు 100 డాలర్ల లోపు దూరంలో ఉన్నవాటి నుంచి ఎంచుకుని, నవంబరు 15 లోపు పరిశీలన పూర్తిచేయాలి. కుటుంబాన్ని సంప్రదించే ముందు, మొదటి నిర్ణయం తీసుకున్న వ్యక్తి కాక వేరొకరు ఆ నిర్ణయాన్ని ధ్రువపరచాలి. ఇద్దరే ఉన్న చిన్న ఆఫీసుల్లో ఆ వేరొకరు ఎవరన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఇక్కడ సంతకాల కంటే సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ చరిత్ర నమ్మదగినది.

అర్హత, లెక్కింపు మీదే దృష్టి పెట్టి కొనుగోళ్ళను వదిలేయవద్దు. షికాగో శివారులోని హార్వీ డిస్ట్రిక్ట్‌లో ఫుడ్ సర్వీస్ డైరెక్టర్‌గా ఉన్న ఒకరు, కోవిడ్ కాలంలో, 2020 జులై మొదలు 2022 ఫిబ్రవరి దాకా 11,000 కేసులకు పైగా చికెన్ వింగ్స్‌ను డిస్ట్రిక్ట్ పేరిట ఆర్డర్ చేసి తీసుకెళ్ళారు. మొత్తం విలువ 15 లక్షల డాలర్లని ప్రాసిక్యూటర్లు చెప్పారు. 2024లో ఆవిడ నేరం ఒప్పుకున్నారు, తొమ్మిదేళ్ళ శిక్ష పడింది. ఎముకలుంటాయి కాబట్టి ఆ వింగ్స్ అసలు పిల్లలకు వడ్డించేవే కావు. అంటే మెనూ కాగితాన్ని ఇన్వాయిస్ పక్కన పెట్టి చూసిన వారెవరైనా మొదటి నెలలోనే పట్టుకోగలిగేవారు. చివరికి బయటపెట్టింది బిజినెస్ మేనేజర్ మధ్యలో చేసిన బడ్జెట్ పరిశీలన: సంవత్సరం సగమే గడిచేసరికి ఆహార పద్దు ఏడాది బడ్జెట్‌ను 3 లక్షల డాలర్ల మేర దాటింది. ఆర్డర్ పెట్టేది, సరుకు అందుకునేది, బిల్లుకు సంతకం చేసేది ఒకే చెయ్యి అయితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీ ఆడిట్‌లో ఐదారు ఆహార ఇన్వాయిస్‌లను ఆ వారపు ప్రొడక్షన్ రికార్డుతో (ఏ రోజు ఏం ఎంత వండారన్న పత్రంతో) పోల్చే పరీక్ష ఒకటి పెట్టండి.

ఫుడ్ సర్వీస్ ఖాతా లాభాపేక్షలేని ప్రత్యేక ఖాతా. అందులో నిల్వ మూడు నెలల సగటు ఖర్చును దాటకూడదు. భోజనాల బాకీలు రానివిగా తేలితే ఆ నష్టాన్ని ఈ ఖాతాలో వేయకూడదు. బోర్డు సమావేశానికి వండిన విందు ఖర్చు ఎక్కడ పడిందో కూడా ఒకసారి చూడండి. ఎందుకు చెబుతున్నానో అనుభవమున్నవారికి అర్థమవుతుంది.

సమాధానం: ఒహాయో_సీపీఏ

సీఈపీ పాఠశాలల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ ఒక్క విషయానికే పరిమితమవుతాను. ఆ పాఠశాలల్లో దరఖాస్తులు ఉండవు, అందువల్ల దరఖాస్తుల నమూనా అక్కడికి వర్తించదు. స్నాప్ (ఆహార సహాయం) వంటి పథకాల ద్వారానో, ఫోస్టర్ సంరక్షణ, నిరాశ్రయ స్థితి వంటి కారణాల వల్లనో నేరుగా అర్హులైన పిల్లలను మొత్తం విద్యార్థులతో భాగించగా వచ్చే శాతాన్ని 1.6తో గుణించి, అంత శాతం భోజనాలకు ఉచిత రేటు, మిగిలినవాటికి పూర్తి ధర వర్గపు రేటు చెల్లిస్తారు. శాతం 45 అయితే 72 శాతం భోజనాలకు ఉచిత రేటు వస్తుంది; 62.5 చేరితే మొత్తానికి వస్తుంది. 2023 అక్టోబరు నుంచి కనీస అర్హత 40 శాతం నుంచి 25 శాతానికి తగ్గింది కాబట్టి కొత్తగా చేరిన పాఠశాలలు మీ జాబితాలో ఉండే అవకాశం ఎక్కువ.

ఏప్రిల్ 1 నాటి జాబితా ఆధారంగా తీసిన ఆ శాతం నాలుగేళ్ళ వరకు నడుస్తుంది. జాబితాలో ఒకే విద్యార్థి రెండుసార్లు పడినా, బడి మానేసినవారు మిగిలిపోయినా ఆ తప్పు నాలుగేళ్ళ క్లెయిమ్‌లన్నిటిలోనూ తిరుగుతుంది. అందుకని ఆ శాతాన్ని రాష్ట్రానికి పంపే ముందు జాబితాను ఎవరు సమీక్షించారన్నదే ఇక్కడ అతి ముఖ్యమైన కంట్రోల్. అది మీ ఆడిట్ సంవత్సరంలో కాక మూడేళ్ళ కిందట జరిగి ఉండవచ్చు, అయినా దాని పత్రాలను డిస్ట్రిక్ట్ భద్రపరచాలి. వర్గాలు లేకపోయినా ఎడిట్ చెక్ పోదు. మొత్తం భోజనాలను హాజరు గుణకంతో సవరించిన విద్యార్థుల సంఖ్యతో పోల్చాలి.

ఏ అవసరాలను పరీక్షించాలో ఆ ఏటి కంప్లయన్స్ సప్లిమెంట్ (ఆడిటర్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే మార్గదర్శి) మ్యాట్రిక్స్ చూసే తేల్చుకోండి, గతేడాది ప్రోగ్రామ్‌ను నకలు చేయవద్దు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇంకొక మాట: దరఖాస్తుల్లో కుటుంబ ఆదాయం, సోషల్ సెక్యూరిటీ సంఖ్య చివరి నాలుగు అంకెలు ఉంటాయి. ఆ చిత్రాలను వర్క్‌పేపర్లలోకి ఎక్కించకుండా, దరఖాస్తు క్రమసంఖ్య, మీరు పరీక్షించిన లక్షణాలు మాత్రమే రాసుకోండి.

ప్రశ్నకర్త: హైదరాబాద్_సింగిల్‌ఆడిట్

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే గుర్తులు పడిన నాలుగు నెలలు తీసుకున్నాను. రెండు నెలల్లో ఎడిట్ చెక్ నివేదిక మీద సమీక్ష సంతకం, కారణాల వివరణ రెండూ ఉన్నాయి, కానీ సంతకం తేదీ క్లెయిమ్ సమర్పించిన తేదీకి పది పన్నెండు రోజుల తర్వాతది. భోజనాల సంఖ్య మాత్రం మూలపత్రాలతో సరిపోయింది, ఎక్కువ క్లెయిమ్ ఏమీ లేదు. ప్రశ్నార్హమైన ఖర్చు (నిబంధనకు విరుద్ధంగా కనిపించే ఖర్చు) సున్నా, అది 25,000 డాలర్ల పరిమితికి ఎంతో దిగువ కదా, కాబట్టి రిపోర్ట్ చేయనవసరం లేదని డిస్ట్రిక్ట్ వాదిస్తోంది. దీన్ని ఎలా చూడాలి?

సమాధానం: లెక్కల_టెక్సాస్

ఆ 25,000 డాలర్ల పరిమితి ప్రశ్నార్హమైన ఖర్చులకు సంబంధించినది. మేజర్ ప్రోగ్రామ్ అంతర్గత నియంత్రణలో సిగ్నిఫికెంట్ డెఫిషియెన్సీ (చెప్పుకోదగ్గ లోపం) గానీ మెటీరియల్ వీక్‌నెస్ (అంతకంటే తీవ్రమైన లోపం) గానీ ఉంటే, ఒక్క డాలరు నష్టం లేకపోయినా 200.516 కింద ఆడిట్ నివేదికలో ఫైండింగ్‌గా రాయాలి. కాబట్టి డిస్ట్రిక్ట్ వాదన వేరే ప్రశ్నకు జవాబు చెబుతోంది. నిబంధన క్లెయిమ్‌కు ముందే పోల్చాలంటుంది. నాలుగింట్లో రెండుసార్లు ఆ కంట్రోల్ దాని సమయానికి పనిచేయలేదు. నమూనా సంఖ్యలు వ్యత్యాసం రాదనే అంచనాతో వేసినవని పైన చెప్పాను. వచ్చాక నమూనా పెంచి చూస్తారా, కంట్రోల్ పనిచేయలేదని అక్కడికక్కడే తేలుస్తారా అన్నది మీ మేనేజర్ గారితో తేల్చుకోండి. నాకైతే రెండోదే సబబుగా తోస్తుంది.

తీవ్రతను కొలిచేటప్పుడు ఏం జరిగిందన్నది కాక, ఏం జరగడానికి సహేతుకమైన అవకాశం ఉందన్నది చూడాలి. ఇక్కడ డిస్ట్రిక్ట్‌కు అనుకూలమైన ఒక అంశం ఉంది, న్యాయంగా దాన్నీ పరిశీలించాలి. క్లెయిమ్ ఎక్కువ పడిందని ఆలస్యంగా తెలిసినా, ఎప్పుడైనా సరే దాన్ని తగ్గించి సవరించుకోవాలి. పెంచే సవరణకే 60 రోజుల గడువు అడ్డొస్తుంది. కాబట్టి ఆలస్యంగా చేసిన ఆ సమీక్షలో తప్పు కనిపించిన సందర్భంలో నిజంగా సవరించిన క్లెయిమ్ పంపి ఉంటే, అది ముందుగా ఆపే కంట్రోల్ కాకపోయినా తర్వాత పట్టుకునే కంట్రోల్‌గా పనిచేసినట్టే, తీవ్రత ఒక మెట్టు తగ్గుతుంది. తప్పు కనిపించినా ఏమీ చేయకపోతే ఆ సంతకం ఆడిటర్ కోసం పెట్టినదే.

ఫైండింగ్‌లోని కారణం భాగంలో "సిబ్బంది నిర్లక్ష్యం" అని రాయవద్దు. నివేదిక ఎవరి దగ్గరకు ఎప్పుడు వెళ్తుంది, ధ్రువీకరించే వ్యక్తి దాన్ని చూడకుండానే పోర్టల్ తెరవగలుగుతున్నారా అన్నది కనుక్కుని రాయండి. డిస్ట్రిక్ట్ ఇవ్వవలసిన కరెక్టివ్ యాక్షన్ ప్లాన్ (లోపాన్ని సరిదిద్దే ప్రణాళిక) దాన్ని బట్టే ఉంటుంది. ఈలోగా రాష్ట్ర పోర్టల్ నుంచి ఈ సంవత్సరం సవరించిన క్లెయిమ్‌ల జాబితా తెప్పించుకోండి. ఒక్కటీ లేకపోతే, ఆలస్యపు సమీక్ష తప్పును సరిదిద్దిందనడానికి ఆధారం ఉండదు; మీ పని తేలికవుతుంది గానీ డిస్ట్రిక్ట్‌ది కాదు.